ఊడని లేసు

పిల్లలు నన్ను చుట్టుముట్టారు.
కెప్టెనెవరో ఇవాళే తేల్చాలట.
"ఎక్కువ గోల్సు నావే సార్" అంటాడు ప్రభుదాసు.
ఇంతియాజ్ అందరికంటే పొడుగు.
కిరీటి గొంతు కొండవాలు ఇళ్ళదాకా వినబడుతుంది.
నేను ఈల నోట్లో పెట్టుకుని
ఊదడం మరిచిపోయి నిలబడ్డాను.

నాకు తెలిసిన కెప్టెన్ ఒక్కడే,
తెడ్డు పరసయ్య.
ఫిషింగ్ హార్బర్లో తెల్లారగట్ల ఐసు మోసి
సైకిలు మీద జ్ఞానాపురం వచ్చేవాడు.
చొక్కా నిండా కానాగంతల వాసన,
క్యారియరుకి రంపపుపొట్టులో చుట్టిన ఐసుముక్క,
ఆ రోజు ఎవడి మడమ బెణుకుతుందో
ముందే తెలిసినట్టు.

ఆటగాడిగా గొప్పవాడేం కాదు, నిజం చెప్పాలి.
ఎడమకాలు ఉత్త అలంకారం.
బంతి తలకి తగిలే వేళకి కళ్ళు మూసుకునేవాడు.
కొత్త బంతి కోసం పోగేసిన డబ్బు
చెల్లెలి జొరానికి ఖర్చుపెట్టేసి
నెల్లాళ్ళు లెక్క చెప్పకుండా తప్పించుకు తిరిగాడు.
అతని చేతి పట్టీ
పాత సైకిలు ట్యూబులోంచి కోసిన ముక్క,
చెమటకి మోచేతిదాకా జారిపోయేది.
టాసు గెలిస్తే ఎండకి ఎదురున్న గోలే అడిగేవాడు.
"మండేదేదో ముందే మండిపోనీరా."
ఆట అయ్యాక చెప్పులు లెక్కపెట్టేవాడు,
పదకొండు జతలు కాదు, పదిహేను,
బెంచీ మీదే పొద్దుపుచ్చిన వాళ్ళవి కూడా.

లోకో షెడ్డు వాళ్ళతో ఫైనలు.
మే నెల, రైల్వే గ్రౌండు,
పోర్టు వైపు నుంచి ఎర్రధూళి
పళ్ళ మధ్య కరకరలాడుతోంది.
ఒకటికి ఒకటి. ఇంకా తొమ్మిది నిమిషాలు.
కుడివైపు నుంచొచ్చిన బంతిని
బయటికి తన్నబోయి
మా వలలోకే తన్నాను.

రెండొందలమంది ఒక్కసారిగా
నా పేరు నేర్చుకున్న నిశ్శబ్దం.
గోలీ అప్పలకొండ బంతి కోసం వంగను కూడా లేదు.
పరసయ్య పరుగెత్తుకొచ్చాడు.
తిడతాడనుకున్నాను.
భుజం తడతాడేమోనని ఇంకా భయపడ్డాను.
నా కాళ్ళ దగ్గర మోకాలు ఆనించి
బూటు లేసు విప్పాడు.
ఊడని లేసు.
చిరిగిన వలకి కన్ను వేస్తున్నంత నెమ్మదిగా
మళ్ళీ కట్టాడు.
రిఫరీ ఈల మీద ఈల.
"ఉండండి బాబూ, లేసూడిపోనాది గుంటడికి!"
తలెత్తకుండానే అరిచాడు.
గ్రౌండంతా అప్పుడు అతని వీపునే చూస్తోంది,
తిట్లన్నీ ఆ వీపు మీదే పడుతున్నాయి.
ఆ కాసేపట్లో నాకు ఊపిరొచ్చింది.
లేస్తూ అన్నాడు,
"ఏటలా సూస్తన్నావు? బంతి అటుంది."

ఓడిపోయాం.
తొమ్మిది నిమిషాల్లో అద్భుతమేమీ జరగలేదు.
కాన్వెంట్ జంక్షన్లో పునుగులు తింటూ
ఎవడో నా మాట ఎత్తబోతే
వాడి ఆకులో ఇంకో గరిటె చట్నీ వేయించాడు పరసయ్య.
మంటకి వాడు నీళ్ళకోసం పరిగెత్తాడు.

వెరావల్ బోట్ల మీద పనికెళ్ళాడని
ఆమధ్య ఎవరో చెప్పారు.
అక్కడ ఎన్ని జతలు లెక్కపెడుతున్నాడో.

పిల్లలింకా అరుస్తూనే ఉన్నారు.
గోలుపోస్టు అవతల,
నిన్న పెనాల్టీ పోగొట్టి ఏడ్చిన బుడ్డోడు జోగి
అరికాలు చూసుకుంటూ కూర్చున్నాడు.
వాడి పక్కన సువార్త.
మాటల్లేవు.
ఆ కాల్లో దిగిన పల్లేరుముళ్ళు
ఒక్కొక్కటే పీకి
తన అరచేతిలో దాస్తోంది,
ఇంకెవరూ తొక్కకుండా.

ఈల ఊదాను.
"సువార్తా, ఇలా రా."
తలెత్తలేదు ఆ పిల్ల.
"ఆగండి సార్, ఇంకా రెండున్నాయి."